తరిగొండ వెంగమాంబ

ఆంధ్రవాఙ్మయమున కవయిత్రుల సంఖ్య స్వల్పము. తాళ్ళపాక తిమ్మక్క సుభద్రాకల్యాణమును రచించెను. మొల్ల రామాయణమును రచించెను. తంజావూరి నాయకరాజుల కొలువున రంగాజమ్మ మన్నారుదాసవిలాసమును రచించి కనకాభిషేకమందెను. అటుపిమ్మట మహారాష్ట్ర ప్రభువైన ప్రతాపసింహుని ఆస్థానమున ముద్దుపళని రాధికాసాంత్వనమును రచించెను. వీరిలో తిమ్మక్కకు అన్నమాచార్యుని ఇల్లు నీడయయ్యెను. రంగాజమ్మకును ముద్దుపళనికిని రాజాస్థానములు నీడలయ్యెను. ఇల్లు గాని కొలువు గాని అండగా లేక, బాల్యమునందే వైధవ్యము ప్రాప్తించి, బంధువులకు బరువై, గ్రామమునకు వింతయై, తన పాటనే జీవనమార్గముగా చేసికొని ఎనుబదియేడేండ్లు జీవించిన కవయిత్రి యొకతె కలదు. ఆమెయే తరిగొండ వెంగమాంబ.

ఆమె పుట్టినది పచ్చని డెల్టాసీమ కాదు. తరిగొండ గుర్రంకొండ మండలమున వాయల్పాటికి సమీపముననున్న గ్రామము. చుట్టును బోడిగుట్టలు, రాతినేలలు, వానకై ఆకాశమువంక చూచు చెరువులు. ఏడాదికి 22 అంగుళముల వాన కురియుట దుర్లభమైన అనంతపుర సీమవారికి ఆ భూమిని వర్ణించి చెప్పనక్కరలేదు. కదిరి తాలూకాయును, మదనపల్లె, వాయల్పాడు తాలూకాలును ఒకప్పుడు కడప జిల్లాలోనివే. 1910లో కదిరి అనంతపురము జిల్లాలో చేరెను. మరుసటి యేడు తక్కిన రెండును చిత్తూరు జిల్లాలో చేరెను. కావున జిల్లాలు వేరైనను ఆమె మన సీమ ఆడుబిడ్డయే. కదిరియందు నరసింహుడు కొలువైనట్లు తరిగొండయందును లక్ష్మీనరసింహుడు కొలువైయున్నాడు. ఒక యిల్లాలు పెరుగు చిలుకుచుండగా కుండలో స్వామి విగ్రహము దొరకినదనియు, తరికుండయే తరిగొండ యైనదనియు స్థలపురాణము. పాడియావులే సిరియైన సీమలో దేవుడు పెరుగుకుండలో దొరకుట సహజమేకదా.

ఆ గ్రామమున కానాల కృష్ణయ్య, మంగమాంబ యను నందవరీక బ్రాహ్మణ దంపతులకు 1730 ప్రాంతమున వెంగమాంబ జన్మించెను. తిరుమల వేంకటేశ్వరుని వరమున కలిగిన బిడ్డయని ఆ పేరుపెట్టిరి. ఆనాడు ఆడుపిల్లకు బడి లేదు. వీథిబడిలో ఇసుకపై అక్షరములు దిద్దు భాగ్యము అన్నదమ్ములకే గాని అక్కచెల్లెండ్రకు లేదు. అయినను ఆ బాలిక చెవులు మూసికొని పెరుగలేదు. నరసింహుని గుడిలో పురాణకాలక్షేపములు జరుగుచుండెను. పోతన భాగవతమును చదువువారుండిరి. భజనలుండెను. పండుగలకు వీథిభాగవతులు వచ్చి రాత్రంతయు యక్షగానములాడుచుండిరి. ఇంటిలో స్త్రీలు దంపుళ్ళకును విసురుళ్ళకును ద్విపదలను, పాటలను పాడుకొనుచుండిరి. ఇవియే ఆమె బడులు. ఆటపాటలు విడిచి గుడిలో నొక మూల కూర్చుండి తనలోతాను పాడుకొనుట ఆ బాలిక అలవాటయ్యెను. ఇరుగుపొరుగువారు దానిని పిచ్చియనిరి. తండ్రి మాత్రము కూతును కొంతకాలము మదనపల్లెలోని రూపావతారము సుబ్రహ్మణ్యశాస్త్రి యొద్దకు పంపి ఉపదేశము చేయించెను. ఆయన ఆమె బుద్ధిసూక్ష్మతను గుర్తించి యోగమార్గమును, వేదాంతమును బోధించెను. ఆనాటి తండ్రియొకడు కూతును గురువునొద్దకు పంపుటయు, శాస్త్రజ్ఞుడొకడు ఆడుపిల్లకు వేదాంతము చెప్పుటయు సామాన్యమైన సాహసములు కావు.

అయినను లోకాచారమును తప్పించుకొనుట తండ్రికి సాధ్యము కాలేదు. చిత్తూరు ప్రాంతమునకు చెందిన ఇంజేటి వేంకటాచలపతికిచ్చి చిన్ననాడే వివాహము చేసెను. కాపురమునకు పోకమునుపే భర్త గతించెను. ఇక్కడినుండి ఆమె జీవితమున అసలు పరీక్ష ఆరంభమయ్యెను.

ఆనాటి బ్రాహ్మణ కుటుంబములలో వితంతువు స్థితి ఎట్టిదో వృద్ధులెరుగుదురు. తల గొరిగించి, గాజులు పగులగొట్టి, బొట్టు చెరిపి, తెల్లనిచీర కట్టించి, ఒంటిపూట భోజనముపెట్టి, వంటయింటి చీకటిలో మిగిలిన బ్రదుకంతయు గడుపుమనుట ధర్మమని చెల్లుచుండెను. శుభకార్యమునకామె యెదురు రాకూడదు. పదియేండ్ల బిడ్డయైనను ఈ శిక్షకు మినహాయింపు లేదు. దీనిని ఎదిరించుట యనగా కుటుంబమును వెలికి గురిచేయుటయే. వెంగమాంబ ఎదిరించెను. తనకు పతి వేంకటేశ్వరుడే యనియు, ఆయనకు మరణము లేదు కావున తనకు వైధవ్యము లేదనియు ఆమె నిశ్చయించుకొనెను. తలవెండ్రుకలు తీయనీయలేదు. బొట్టును, గాజులను విడువలేదు. బంధువులు బ్రతిమాలిరి, బెదరించిరి, నిందించిరి. ఆమె చలింపలేదు. ఆమె తర్కమున ఉన్న బలమిదియే. పెద్దలు భక్తినే ప్రమాణముగా చెప్పిరి. ఆమె ఆ భక్తినే తనకు సాక్షిగా నిలిపెను. దేవుడు భర్తయగుట కవిత్వమున నిజమైనచో బ్రదుకునను నిజము కావలయునుగదా. ఆ మాటను కాదనుటకు శాస్త్రజ్ఞులకును తోవ దొరకలేదు.

ఒక పీఠాధిపతి ఆ ప్రాంతమునకు వచ్చినప్పుడు గ్రామపెద్దలు ఆమెపై ఫిర్యాదు చేసిరనియు, సభకు రప్పించి మందలింపబూనిరనియు, ఆమె పీఠమునకు నమస్కరించినంతనే అది భస్మమయ్యెననియు ఒక కథ కలదు. ఇట్టి మహిమలు నమ్మువారు నమ్మవచ్చును. మహిమను తీసివేసినను కథలో మిగులు సత్యము చిన్నది కాదు. ఒక యువతి నిండుసభలో నిలువబడి తన నియమమును వదలక తిరిగివచ్చెను. ఆమె శిరస్సుపై వెండ్రుకలు కడవరకు నిలిచెను.

తరిగొండలోనే ఆమె రచన ఆరంభమయ్యెను. మొదట తరిగొండ నృసింహశతకము, పిమ్మట నృసింహవిలాసకథ, శివనాటకము, బాలకృష్ణనాటకము, రాజయోగామృతసారము వెలువడెను. కడపటిది ద్విపదకావ్యము. కపిలమహర్షి తల్లియైన దేవహూతికి చేసిన తత్త్వబోధ అందలి వస్తువు. కొడుకు తల్లికి జ్ఞానము చెప్పు కథను ఎన్నుకొనుటలో ఆమె హృదయము తెలియుచున్నది. స్త్రీ బ్రహ్మజ్ఞానమునకు అర్హురాలని వాదించుచు గ్రంథము వ్రాయనక్కరలేదు. భాగవతములోని ఆ కథను ఇంటింట పాడుకొను తెలుగులోనికి తెచ్చినచాలును.

ఆమె ఎన్నుకొన్న రచనా ప్రక్రియలను గూర్చి ఇంచుక చెప్పవలసియున్నది. పండితులు మెచ్చునవి పద్యగద్యములు కలిసిన చంపూప్రబంధములు. వెంగమాంబకు పద్యము చేతగాకపోలేదు. శతకమును, వేంకటాచలమాహాత్మ్యమును పద్యములలోనే సాగించెను. కాని ఆమె విరివిగా వాడినవి ద్విపదయు, యక్షగానమును, కీర్తనయును. ద్విపదకు రెండే పాదములు. పాదమునకు మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము. నడక సులభము, జ్ఞాపకమునకు సులభము, పాడుటకింకను సులభము. అక్షరము రాని స్త్రీయైనను విని ధారణపట్టగలదు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమునకు ద్విపదను గైకొనుటకు కారణమిదియే. యక్షగానము వీథినాటకము. దానికి కొలువుకూటము వలదు, నాలుగు దివిటీలు, ఒక మద్దెల, తాళము చాలును. తనకు బడి మూయబడినది కావున, బడి లేనివారికి అందురీతిని ఆమె పాడెను. ఆమె కీర్తి పండితసభలలో గాక నోటినుండి నోటికి వ్యాపించుటకు ఇదియే హేతువు.

గ్రామమున నిందలు తగ్గలేదు. గుడిలో ఆమె ధ్యానమునకు కూర్చుండుటకును అర్చకులకును పొసగలేదని చెప్పుదురు. తుదకామె తరిగొండను విడిచి తిరుమల కొండకు పోయెను. నాటి ప్రయాణము నేటి ప్రయాణము కాదు. కొండకు మోటారుబాట పడినది 1944లో. అంతకుముందు రెండువందల యేండ్లనాడు అడవిదారి, మెట్లదారి తప్ప వేరు లేదు. దేశమా, అరాచకము. గుర్రంకొండసీమ కడప నవాబులనుండి మరాఠులకును, హైదరలీకిని, టిప్పుకును చేతులు మారుచుండెను. ఆ కాలమున వయసున ఉన్న స్త్రీ, తోడులేక ఇల్లు విడుచుట ఎట్టి తెగువయో ఊహించుకొనవలసినదే.

తిరుమలలో తాళ్ళపాకవారు ఆమెకు ఆశ్రయమిచ్చిరందురు. అన్నమాచార్యుని కుటుంబమువారు పాట విలువ తెలిసినవారు. అక్కడను ఆమెకు కష్టములు తప్పలేదు. పొరుగున నున్న యొక అర్చకుడు ఆమెను పలువిధముల బాధింపగా, ఆమె తుంబురుకోనకు పోయి గుహలో కొన్ని సంవత్సరములు తపస్సు చేసెనని ఐతిహ్యము. తుంబురతీర్థము ఆలయమునకు కొన్ని క్రోసుల దూరమున దట్టమైన అడవిలో నున్నది. ఏకాంతమును కోరినవారికి అంతకు మించిన చోటు లేదు. మరల ఊరిలోనికి వచ్చినపిమ్మట ఆమె స్థితి మారెను. నిందించినవారే గౌరవింపసాగిరి.

తిరుమలలో ఆమె రచన వెల్లువయై సాగెను. విష్ణుపారిజాతము, చెంచునాటకము, రుక్మిణీనాటకము, గోపికానాటకము, జలక్రీడావిలాసము, ముక్తికాంతావిలాసము, శ్రీకృష్ణమంజరి, ద్విపదభాగవతము, వాసిష్ఠరామాయణము, శ్రీవేంకటాచలమాహాత్మ్యము, అష్టాంగయోగసారము, తత్త్వకీర్తనలు మున్నగునవి ఆ కాలమునాటివి. చెంచునాటకమున అహోబిల నరసింహుడు చెంచుకన్యను వలచిన కథ కలదు. వాసిష్ఠరామాయణమున వసిష్ఠుడు శ్రీరామునకు చెప్పిన కఠినవేదాంతమును ద్విపదలో మెత్తపరచెను. వేంకటాచలమాహాత్మ్యము మాత్రము తెలుగుదేశమంతట వ్యాపించెను. శ్రీనివాసుడు కొండకు వచ్చుట, పద్మావతిని వలచుట, పెండ్లికి కుబేరునొద్ద అప్పుచేయుట మొదలగు కథలు తెలుగువారి యిండ్లలో నిలిచియుండుటకు ఆ గ్రంథమును ఒక ముఖ్యకారణము.

ఈ గ్రంథమున ఆమె తన్నుగూర్చి చెప్పుకొన్న సంగతి యొకటి గమనింపదగినది. తాను బాల్యమున ఓనమాలైనను గురుముఖమున నేర్వలేదనియు, ఛందస్సును, కావ్యములను, అలంకారములను చదువలేదనియు, తరిగొండ నరసింహుడు పలికించినట్లు పలికితిననియు ఆమె విన్నవించుకొనెను. దీనిని కొందరు అక్షరార్థముగా గ్రహించి, చదువురాని స్త్రీ దైవావేశముచే కావ్యములు చెప్పెనని చెప్పుదురు. మరికొందరు ఇది వట్టి వినయమందురు. పలికించువాడు రామభద్రుడని పోతన చెప్పెను. శాస్త్రములు నాకు రావని మొల్ల చెప్పెను. అది కవుల సంప్రదాయము. వెంగమాంబ విషయమున రెండు మాటలును కొంతకొంత నిజము. బడి లేకపోవుట నిజము. కాని అష్టాంగయోగమును, వాసిష్ఠమును తెలుగుచేసినవారికి చదువులేదనుట పొసగదు. వినికిడిచేతను, గురుశుశ్రూషచేతను, స్వయంకృషిచేతను ఆమె విద్వాంసురాలయ్యెను. ఆమెకు బడి నిరాకరింపబడినదే కాని విద్య నిరాకరింపబడలేదు. దానిని నిరాకరించు శక్తి ఎవరికిని లేదు. వ్యాకరణమెరిగినవారు వెదకినచో ఆమె పద్యములలో సడలిన ప్రయోగములు అక్కడక్కడ కనబడును. ఆ మాట దాచనక్కరలేదు. చెరువునీరు నిండుగా పారునప్పుడు గట్టున నాలుగు గడ్డిపోచలు వంగియుండుట లెక్కలోనిది కాదు.

ఆమె కీర్తనలను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలయును. దేహము, మనస్సు, గురువు, ఆత్మ యను విషయములను ఆమె వాడుకతెలుగున పాడెను. త్యాగరాజు తన పేరును ముద్రగా ఉంచినట్లు, ఆమె తన పాటలలో తరిగొండ నరసింహుని పేరును ముద్రగా ఉంచెను. ఎంతకాలము తిరుమలలో నివసించినను, ఎన్ని పాటలు వేంకటేశ్వరునిపై కట్టినను, తన్ను వెళ్ళగొట్టిన గ్రామము పేరును మాత్రము విడువలేదు. తరిగొండ ఆమెను కాదన్నది. ఆమె తరిగొండను కాదనలేదు. నేడు ఆ గ్రామము పేరు లోకమునకు తెలియుట ఆమె పాటవలననే.

ఆమె సాధించిన గౌరవములలో ముత్యాలహారతి మిన్న. తిరుమలలో రాత్రి కట్టకడపటి సేవ ఏకాంతసేవ. భోగశ్రీనివాసమూర్తిని వెండిగొలుసుల ఊయలమంచమున శయనింపజేసి, పాలు, పండ్లు నివేదింతురు. ధనుర్మాసమున మాత్రము ఆ స్థానమున శ్రీకృష్ణుడు శయనించును. అప్పుడు తాళ్ళపాకవారి లాలి సాగును. పిమ్మట తరిగొండవారి పక్షమున పళ్ళెరమున ముత్యములతో తీర్చిన హారతి ఇయ్యబడును. ఆ ముత్యములను దశావతారములలో దినమునకొక రూపముగా తీర్చుట ఆచారము. తాళ్ళపాకవారి లాలి, తరిగొండవారి హారతి యను నానుడి దీనివలన కలిగినదే. రాజులు, జమీందారులు ఎన్నియో కైంకర్యములను శాసనములమీద చెక్కించి పోయిరి. వానిలో ఆగిపోయినవి ఎన్నియో కలవు. తలగొరిగింపనని మొరాయించినందులకు పెద్దలచే నిందింపబడిన ఆ వితంతువు పేర హారతి నేటికిని ప్రతిరాత్రి వెలుగుచున్నది. శుభకార్యమునకు ఎదురు రాకూడదనిన స్త్రీ హారతి గైకొననిదే స్వామికి నిద్రలేదు.

వెంగమాంబ పాటతో తృప్తిపడలేదు. కొండయెక్కి వచ్చు యాత్రికుల ఆకలిదప్పులను కన్నులార చూచెను. నృసింహజయంతికి ఆమె ఉత్సవము జరిపించి, అన్నదానము, చలివేంద్రము ఏర్పాటు చేసెను. కొండపై పంటలేదు. ప్రతి గింజయు, ప్రతి ఉప్పురాయియు కింద పొలములలో పండి, మనుష్యుల నెత్తిమీద మెట్లెక్కి రావలయును. వైశాఖమాసపు టెండలో వేలమందికి అన్నము పెట్టుట యనగా ఎన్ని పుట్ల ధాన్యము, ఎందరు కూలీలు, ఎన్ని కావళ్ళ నీరు కావలయునో లెక్కకట్టి చూచిన ఆమె కార్యదక్షత తెలియును. ఆమె గౌరవమును చూచి దాతలు ధనమును, ధాన్యమును, భూములను దానపత్రములు వ్రాసి యిచ్చిరి. భర్త ఆస్తి లేదు, పుట్టింటి ఆస్తి లేదు. పాటవలన వచ్చిన విశ్వాసమే ఆమె మూలధనము. ఆ విశ్వాసమును ఆమె తనకై ఒక కాసైనను వాడుకొనక ఆకలిగొన్నవారికి పెట్టుబడిగా పెట్టెను.

ఆమె వార్ధక్యమున దేశమున పెద్ద మార్పులు జరిగెను. 1791–92లలో దక్కనున మహాక్షామము కలిగెను. 1799లో శ్రీరంగపట్టణము పడిపోయెను. 1800లో నైజాము కడప, బళ్ళారి సీమలను కుంపిణీవారికి దత్తము చేసెను. అనంతపురమున మకాముచేసి మన్రోదొర 1807 వరకు ఊరూరి పొలములను కొలిపించి, కరణములచేత లెక్కలు వ్రాయించి, రైతువారీ శిస్తు కట్టెను. 1801లో తిరుమల ఆలయపాలనము కుంపిణీ చేతికి పోయెను. ప్రభువులు మారిరి, నాణెములు మారెను, కొలతలు మారెను. వెంగమాంబ అన్నదానము, కీర్తన, హారతి మాత్రము మారలేదు.

1817లో, ఈశ్వర నామ సంవత్సర శ్రావణ శుద్ధ నవమినాడు ఆమె తిరుమలలోనే దేహము చాలించెను. ఆమె బృందావనము అక్కడనే కలదు. నృసింహజయంతినాడు జయంతియు, శ్రావణ శుద్ధ నవమినాడు వర్ధంతియు జరుగుచున్నవి. తిరుమల తిరుపతి దేవస్థానమువారు ఆమె గ్రంథములను ముద్రించిరి. 2011లో తిరుమలలో కట్టిన అన్నప్రసాదభవనమునకు మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ పేరు పెట్టిరి. ఒక్కొక్కటి వేయిమంది పట్టునట్టి నాలుగు భోజనశాలలు అందున్నవి. మన ఊరినుండి తిరుపతికి పోవువారందరును ఆ పంక్తిలో కూర్చుండి భుజించినవారే. ఆ గోడమీది పేరు ఎవరిదని అడిగినవారు మాత్రము తక్కువ.

ఇక ఆమె గ్రంథములు మనవరకు వచ్చిన తీరు కూడ తెలియదగినది. ఆమె జీవించిన కాలమున తెలుగున ముద్రణము ఇంకను వ్యాపింపలేదు. ఆమె కృతులన్నియు గంటముతో తాటాకులమీద లిఖితమై, భక్తుల యిండ్ల అటుకలమీద నిలిచెను. తాటాకునకు చెదలు, తడి, అశ్రద్ధ అను మూడు శత్రువులు కలవు. చెదలును, తడియు ఆకును తినును. అశ్రద్ధ గ్రంథము పేరునే తినును. ఒకరు ప్రతివ్రాసి మరొకరికిచ్చుటచేత, ఒక యిల్లాలు పాడి మరొక యిల్లాలికి నేర్పుటచేత ఆ సాహిత్యము బ్రదికెను. ఒక్క తరము మరచియుండినచో ఆమె పాట ఆగిపోయెడిది.

గ్రామమునకు గ్రంథాలయమెందులకను ప్రశ్నకు వెంగమాంబ చరిత్రమే సమాధానము. ఆమె చిన్ననాడు తరిగొండలో గ్రంథాలయము లేదు. గుడిలో ఎవరో చదువగా మూలనుండి విని విద్య సంపాదింపవలసి వచ్చెను. నేడు మన ఊరి బాలికకు ఆ దుర్గతి లేదు. తలుపు తెరచియున్నది, బీరువాలో పుస్తకములున్నవి. వానను రప్పించుట మన చేతిలో లేదు. ఉన్న పుస్తకమును చదివి, చదివినదానిని పదిమందికి వినిపించుట మన చేతిలోనిదే. ఈ రజతోత్సవ సంవత్సరమున చందాదారులు, ముఖ్యముగా స్త్రీలు, వేంకటాచలమాహాత్మ్యమును, తత్త్వకీర్తనలను ఒక్కమారైనను తెరచి పాడుకొందురుగాక.